నాగభూషణం జీపు స్టీరింగు ఊడదీసిన వైనం

పొట్టిలంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. నాగభూషణాన్ని అడిగితే మాత్రం తడుముకోకుండా "మా ఇంటివాళ్ళే" అంటాడు.

"మిగతావాళ్ళు చెప్పింది విని, దానికి సొంత అర్థాలు తీసి, పని చెడగొడతారండీ. మేం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే కదండీ!"

భార్య వీరమణి, తమ్ముడు తాతారావు అవునవునని తలలూపేవాళ్ళు. తల్లి రత్తమ్మా ఊపేది గానీ, ఎటు తిరిగి ఊపాలో పాపం ఆవిడకి తెలిసేది కాదు. రెండు కళ్ళకీ శుక్లాలు. కొడుకు మొహం చూసి రెండేళ్ళయింది.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికల్లా తీసుకురండి, ఆపరేషన్ చేసేస్తాను. తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా ఖాళీ లేదు" అన్నాడు పట్నంలో కళ్ళ డాక్టరు. తీసుకెళ్ళడానికి తాతలనాటి జీపుంది. దాని స్టీరింగు చక్రంలో పావు భాగం ఎప్పుడో విరిగిపోయింది. మలుపులో తిప్పినప్పుడల్లా చేతికి గాలే దొరికేది. అమ్మని ఎక్కించుకుని అలా వెళ్ళడానికి నాగభూషణానికి మనసొప్పలేదు. కొత్త చక్రం కొనుక్కొచ్చాడు.

పాతది ఊడితే కదా! అతను లాగాడు, రాలేదు. తాతారావు లాగాడు, రాలేదు. మెకానిక్కు ఖాసిమేమో కాలు విరిగి, కట్టు కట్టించుకుని పక్క ఊళ్ళో మంచం మీదున్నాడు. అంతే, ఫోను చేశారు.

"భూషణం గారూ, సీట్లో కూచోండి. నడిమిన గుండీ ఉంటుంది, విప్పండి. దాని కింద నట్టు కనిపిస్తుంది" అన్నాడు ఖాసిం.

నాగభూషణం సీట్లో కూచుని, చొక్కా గుండీలు లెక్కపెట్టి, సరిగ్గా నడిమిది విప్పాడు.

"విప్పాను భాయ్. నట్టు లేదు."

"సరిగ్గా చూడండి. గుండ్రంగా, కాస్త లోపలికి ఉంటుంది."

"గుండ్రంగానే ఉంది. లోపలికే ఉంది. కానీ అది బొడ్డు."

"చొక్కా గుండీ కాదు బాబూ, హారను గుండీ!" అని ఫోనులో అరుపు వినిపించింది.

"ఆ ముక్క ముందే అనొచ్చుగా" అని సణుక్కుంటూ నాగభూషణం హారను గుండీ పెరికి, పానా పెట్టి నట్టు విప్పాడు. ఇంకేముంది, వచ్చేసినట్టే అనుకున్నారు. చక్రం మాత్రం ఇంచీ కదల్లేదు.

"తుప్పు పట్టేసి ఉంటుంది. కాస్త వేడి చూపించండి, వదులుతుంది" అన్నాడు ఖాసిం.

వీరమణి ఒక్క పరుగున వెళ్ళి, పొయ్యి మీద మరుగుతున్న చారు గిన్నె మసిగుడ్డతో పట్టుకొచ్చి చక్రం ముందు పెట్టింది. "ఇదిగో, చూడు! ఎంత వేడో చూడు!"

తాతారావు వంగి పరీక్షగా చూశాడు. "వదినా, దాని మొహం అటుందేమో. అటు నుంచీ చూపించు."

నాలుగు వైపుల నుంచీ చూపించింది. చారు చల్లారిపోయింది.

"బాగా చూసింది భాయ్. కానీ బెదరలేదు" అన్నాడు నాగభూషణం ఫోనులో.

వాళ్ళేం చూపించారో అడిగే ఓపిక ఖాసింకి లేదు. "మొండిదైతే ఒకటే మార్గం. మీ ఊళ్ళో మూడు కాళ్ళ పుల్లరు ఉందేమో చూడండి. కాళ్ళు చక్రం కింద తగిలించి, నడిమి బోల్టు తిప్పితే ఎలాంటిదైనా ఊడాల్సిందే."

నాగభూషణం మొహం వెలిగిపోయింది. "చూశావా, ఖాసిం భాయ్ ఎంత మర్యాదస్తుడో! మన పుల్లయ్య బాబాయిని పుల్లడు అనకుండా పుల్లరు అంటున్నాడు."

"బాబాయికి మూడు కాళ్ళెక్కడివి అన్నయ్యా?"

"రెండు కాళ్ళూ, ఒక చేతికర్రా. లెక్క సరిపోలా?"

పక్కింటి పుల్లయ్య అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. "బాబాయ్, నువ్వు లేందే పని జరగదట" అనేసరికి పెద్దాయన పొంగిపోయి ఏం పనని కూడా అడక్కుండా వచ్చేశాడు. అంతే, ఆయన్ని సీట్లో వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ కర్రా చక్రం కింద తగిలించారు.

"ఈయనకి నడిమి బోల్టు లేదు అన్నయ్యా!"

"బోల్టు లేకపోతే నడుమే తిప్పరా!"

తాతారావు పుల్లయ్య నడుం పట్టుకుని బలం కొద్దీ తిప్పాడు. "చచ్చాన్రోయ్!" అంటూ పుల్లయ్య రెండు కాళ్ళతో పైకి ఒక్క తన్ను తన్నాడు. ఠంగుమని చక్రం ఊడి టాపుకి తగిలి కింద పడింది. పుల్లయ్య కర్ర అక్కడే వదిలేసి ఇంటిదాకా పరిగెత్తాడు.

"ఊడింది భాయ్! కాకపోతే పుల్లరు బాగా అరిచాడు" అన్నాడు నాగభూషణం.

"పాతవి అలాగే కిర్రుమంటాయి లెండి. కాస్త నూనె రాయండి" అన్నాడు ఖాసిం. వీరమణి వెంటనే నువ్వుల నూనె తీసుకెళ్ళి పుల్లయ్య నడుముకి రాసొచ్చింది.

"ఇక కొత్తది బిగించేయండి. ఈసారి తుప్పు పట్టకుండా గ్రీజు దండిగా పూయండి. పాతది ఎలా ఉందో కొత్తదీ అచ్చం అలాగే ఉండాలి, తేడా రాకూడదు."

నాగభూషణం రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. పాతదానికి పావు భాగం లేదు, కొత్తదానికి ఉంది! రంపం తెప్పించి, చెమటలు కక్కుతూ పావు భాగం కోసేశాడు. గ్రీజు డబ్బా మొత్తం పూసి బిగించాడు.

తెల్లారింది. బయల్దేరేముందు ఖాసిం ఫోను చేశాడు. "దారంతా గతుకులు. ఏం జరిగినా స్టీరింగు మాత్రం చేతుల్లోంచి వదలకండి."

నాగభూషణం వదల్లేదు. గేర్లు పక్కనుంచి తాతారావు మార్చాడు. చెమట వీరమణి తుడిచింది. ఏడూ ముప్పావుకల్లా ఆస్పత్రి ఆవరణలో, కాస్త వాలుగా ఉన్నచోట జీపు ఆగింది. చేతులు ఖాళీ లేక నాగభూషణం హ్యాండు బ్రేకు వేయలేదు. వేయమని తాతారావుకి ఎవరూ చెప్పలేదు.

వీరమణి అత్తగార్ని లోపలికి తీసుకెళ్ళింది. ఇంతలో నర్సు బయటికొచ్చి "కొడుకు వచ్చి సంతకం పెట్టాలి!" అంది.

నాగభూషణం చెమటలు పట్టిన మొహంతో తమ్ముడికేసి చూశాడు. వెళ్ళకపోతే అమ్మకి చూపు రాదు. వెళ్ళాలంటే స్టీరింగు వదలాలి.

"వదలడమెందుకు అన్నయ్యా, పట్టుకునే వెళ్ళు" అని తాతారావు పానాతో నట్టు తీసేశాడు. గ్రీజు మహిమ, చక్రం గాజులా జారి చేతుల్లోకి వచ్చేసింది.

"నువ్వు జీపు చూస్తూ ఉండు" అని చెప్పి నాగభూషణం చక్రంతో లోపలికి నడిచాడు. నర్సు చక్రాన్నీ అతన్నీ ఎగాదిగా చూసి, అతని బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించుకుంది.

ఒక కంటికి ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంకో కంటికి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. కట్టుతో ఉన్న తల్లిని చూసి నాగభూషణానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

బయటికొచ్చి చూస్తే తాతారావు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, జీపేదిరా?"

"చూస్తూనే ఉన్నానన్నయ్యా! కదిలింది, చూశాను. గేటు దాటింది, చూశాను. రోడ్డు వంపు తిరిగింది గానీ జీపు తిరగలేదు, స్టీరింగు నీ దగ్గరుందిగా! తిన్నగా వెళ్ళి కాలవలో దిగింది. పూర్తిగా మునిగేదాకా రెప్ప వేస్తే ఒట్టు!"

నాగభూషణం గుండెలమీద చక్రాన్ని ఒకసారి అదుముకుని, ఊపిరి పీల్చుకున్నాడు. వీరమణి చేత ఖాసింకి ఫోను కలిపించి చెవి దగ్గర పెట్టించుకున్నాడు.

"భాయ్, కంగారేం లేదు. స్టీరింగు నా చేతుల్లోనే భద్రంగా ఉంది. ఇప్పుడు దీనికి జీపు ఎలా బిగించాలో కాస్త చెప్పండి."