కన్నం పక్కన కొమ్మ

అనగనగా ఒక చలి అడవిలో ఒక నది ఉండేది. మన నదులు ఎండాకాలంలో ఎండిపోతాయి కదా, ఆ నది చలికాలంలో గడ్డకట్టేది. పైనంతా రాయిలాంటి మంచుపలక. కింద మాత్రం నీళ్లు పారుతూనే ఉండేవి, చేపలు తిరుగుతూనే ఉండేవి. ఆకలేసిన జంతువులు ఆ పలకకు కన్నం పెట్టి, పక్కనే కదలకుండా కూర్చుని, చేప పైకి తేలగానే పంజాతో లాగేసేవి. ఓపిక ఉన్నవాళ్లకే చేప. మీలాగా కూర్చున్నచోట కూర్చోలేని వాళ్లకు చేప తోక కూడా దొరకదు.

ఆ నది ఒడ్డున ఒక నక్క ఉండేది. ఒళ్లంతా జేగురు రంగు. అందుకని దాన్ని జేగురమ్మ అనేవారు. నక్క అనగానే జిత్తులమారి అనుకుంటారు మీరు. ఈ నక్కకు జిత్తులు రావు. మొండితనం మాత్రం బాగా వచ్చు. మగనక్క చనిపోయింది. బొరియలో మూడు పిల్లలు. వాటి పొట్టలు నిండాలంటే జేగురమ్మ నదికి పోయి చేపలు పట్టాల్సిందే.

ఆ నదిమీద పాతకాలంనుంచి ఒక కట్టుబాటు ఉంది. కన్నం తవ్విన వాళ్లు ఇంటికి పోయేముందు దాని పక్కన ఒక ఎండుకొమ్మ పాతి వెళ్లాలి. ఎందుకంటే, చీకటి పడేసరికి కన్నంమీద పల్చటి పొర కడుతుంది. దానిమీద మంచు రాలుతుంది. తెల్లారాక చూస్తే నదంతా పరిచిన దుప్పటిలా ఒకేలా ఉంటుంది. కన్నం ఎక్కడుందో కొమ్మ ఉంటేనే తెలుస్తుంది. కొమ్మ లేకపోతే, చెట్ల బెరడు కోసం అవతలి ఒడ్డుకు వెళ్లే కుందేళ్లు, జింకలు తెలియక అడుగు వేస్తాయి. పొర చిట్లుతుంది. నీటి ఉరవడి వాటిని పలక కిందికి లాక్కుపోతుంది.

ఆ ఏడు అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి చలికాలపు నిద్రకు పోయింది. పెద్దది నిద్రపోతే పెత్తనం తోడేలుది. దాన్ని అందరూ బూడిద దొర అనేవారు. వచ్చీ రాగానే దొర ఒక హుకుం జారీ చేసింది. కొమ్మలు పాతడంవల్ల అవతలి ఒడ్డు జంతువులకు మన చేపల జాడ తెలిసిపోతోందట. కాబట్టి ఇకమీదట కొమ్మలు వద్దట. ఎవరి కన్నం వాళ్లు మంచుతో కప్పి గుట్టుగా దాచుకోవాలట.

అడవిపిల్లి తల ఊపింది. రేచుకుక్క రెండుసార్లు ఊపింది. జేగురమ్మ ఊపలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేముందు జేగురమ్మ తన కన్నం పక్కన ఎప్పటిలాగే కొమ్మ పాతింది. మర్నాడు వచ్చి చూస్తే కొమ్మ విరిగి పడి ఉంది. ఎవరి పనో అడగక్కర్లేదు. జేగురమ్మ ఇంకాస్త పెద్ద కొమ్మ తెచ్చి అక్కడే పాతింది.

రెండోసారి తోడేలు కొమ్మతో పాటు జేగురమ్మ పట్టిన చేపలన్నీ లాక్కుంది. ఆ పూట పిల్లలకు పస్తు. అన్నిటికంటే చిన్నది తల్లి ఒళ్లో దూరి, కొమ్మ పాతకపోతే ఏమవుతుందని అడిగింది. ఎవరో ఒకరు మునిగిపోతారని జేగురమ్మ చెప్పింది.

"మునిగేది మనం కాదుగా అమ్మా?" అంది చిన్నది.

జేగురమ్మకు బాధా, కోపమూ రెండూ ముంచుకొచ్చాయి. "ఈ మాట అందరి ఇళ్లలోనూ అనుకుంటారే. మునిగేవాళ్ల ఇంట్లో కూడా" అంది.

అడవిపిల్లి పలకరించడానికి వచ్చినట్టు వచ్చి, మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అని ఎత్తిపొడిచి పోయింది.

మూడోసారి జేగురమ్మ తన కన్నం దగ్గర ఆగలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, తోడేలు చేపలు పడుతున్న చోటికే వెళ్లి దాని ముక్కు ముందు కొమ్మ పాతింది.

"నీకు చెవులు లేవా?" అంది తోడేలు.

"ఉన్నాయి దొరా. మీ మాట విన్నాను. వినడం వేరు, చెయ్యడం వేరు."

"రేపట్నుంచి నదిమీద నీ కాలు కనిపిస్తే విరగ్గొడతాను. నీ పిల్లలు ఏం తింటాయో నేనూ చూస్తాను."

జేగురమ్మ ఒక్కసారి బొరియవైపు చూసింది. అయినా తల దించలేదు. "విరగ్గొట్టండి. కుంటుకుంటూ వచ్చి పాతుతాను" అంది.

తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు. కానీ తోడేలువి ఉత్త తాటాకు చప్పుళ్లు కావు, అన్నంత పనీ చేసే రకం అది. ఆ కొమ్మ పీకి పారేసింది. ఎవరికీ తెలియని చోట తనకో కొత్త కన్నం తవ్వి దాచుకుంది. ఒడ్డున రేచుకుక్కను కాపలా పెట్టింది. జేగురమ్మ ఎండుపళ్లూ వేళ్లూ ఏరి పిల్లలకు పెట్టింది. పిల్లల పక్కటెముకలు బయటపడ్డాయి. ఒక్కమాట క్షమించమంటే పోతుంది కదా అని కుందేలు కూడా చెప్పిచూసింది. మేం పస్తులుంటున్నదే నీలాంటి వాళ్ల కోసం, నువ్వే ఇలా అంటే ఎలాగని జేగురమ్మ దానిమీద కసురుకుంది.

ఒక మధ్యాహ్నం మంచు దట్టంగా రాలింది. బూడిద దొర పిల్ల ఒకటి కుందేలును తరుముతూ నదిమీదికి ఉరికింది. కుందేలు ఒక్క గెంతులో దాటిపోయింది. తోడేలు పిల్ల కాళ్లకింద పొర చిట్లింది. అది ముందుకాళ్లతో కన్నం అంచు పట్టుకుని వేలాడుతూ ఏడుపు అందుకుంది.

తోడేలు పరుగున వచ్చి ఒడ్డునే ఆగిపోయింది. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. తన కన్నం ఎక్కడుందో దానికి తెలుసు. అడవిపిల్లి కన్నం తెలియదు. రేచుకుక్క కన్నం తెలియదు. ఎవరిది వాళ్లు దాచుకోమన్నది తనే మరి. ఎదురుగా నది తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

ఏడుపు విని జేగురమ్మ పొడుగాటి కొమ్మ ఈడ్చుకుంటూ వచ్చింది. దొరను చూడగానే, ఆకలితో పడుకున్న తన పిల్లలు గుర్తొచ్చాయి. నిజం చెప్పొద్దూ, ఏడవనీ అనుకుంది కూడా. కానీ అక్కడ ఏడుస్తున్నది పసిది. పసిదానికి హుకుంలేం తెలుసు?

"ఎవరి కన్నం ఎక్కడుందో గట్టిగా చెప్పండి" అంది జేగురమ్మ.

అడవిపిల్లి నీళ్లు నమిలింది. ఇంతమందిలో చెబితే తన చేపలు ఏమైపోతాయని గొణిగింది.

"చెప్పకపోతే నేను అడుగు వెయ్యను. నాకూ పిల్లలున్నాయి. చెప్పు."

వంగిన చెట్టుకు ఎదురుగా అని అడవిపిల్లి చెప్పింది. నల్లరాయికి ఎడమపక్క అని రేచుకుక్క చెప్పింది.

"మీది దొరా?"

తోడేలు నేలచూపులు చూసింది. "నా బిడ్డ పడింది నా కన్నంలోనే" అంది చివరికి. అందరూ విన్నారు.

జేగురమ్మ పొట్ట మంచుకు ఆనించి, చెప్పిన కన్నాలను తప్పించుకుంటూ పాకింది. కొమ్మ చివర అందించింది. తోడేలు పిల్ల దాన్ని పళ్లతో పట్టుకుంది. ఒకసారి లాగితే పట్టు జారింది. రెండోసారి లాగితే అంచు విరిగింది. మూడోసారి పిల్ల పైకి వచ్చింది. తడిసి ముద్దయి వణుకుతున్న దాన్ని జేగురమ్మ ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది.

తోడేలు తన పిల్లను నాకి నాకి, ఏం కావాలో కోరుకోమని జేగురమ్మతో అంది. నదిలో మంచి చోటు ఇస్తానంది. రోజూ చేపలు పంపిస్తానంది.

"నాకేమీ వద్దు. ఈ కొమ్మ నోట కరుచుకుని వెళ్లి, మీ కన్నం పక్కన మీరే పాతండి. ఇప్పుడే, అందరూ చూస్తుండగా."

రేచుకుక్క భయంతో వెనక్కి జరిగింది. తోడేలు కళ్లెర్రజేసింది. జేగురమ్మ చూపు తిప్పలేదు. వాళ్లిద్దరి మధ్యా పిల్ల వణుకుతూ నిలబడి ఉంది. తోడేలు దానివైపు చూసింది. తర్వాత మెడ వంచి, కొమ్మ నోట కరుచుకుని, నదిమీదికి నడిచింది. అలవాటు లేని పనేమో, కొమ్మ వంకరగా నిలబడింది.

"గట్టిగా పాతండి దొరా, గాలికి పడిపోతుంది" అంది జేగురమ్మ ఒడ్డునుంచి.

తోడేలు మళ్లీ పాతింది.

నీతి: పదిమందికీ తెలియాల్సిన ప్రమాదాన్ని దాచమని ఎంత పెద్దవాళ్లు చెప్పినా వినకూడదు. దాచిపెట్టిన ప్రమాదం దాచినవాళ్లను కూడా వదిలిపెట్టదు.