వంకర పువ్వులు

ఏసోబుని అద్దకం పనిలో నిలబెట్టి వెనక్కి వచ్చేయాల్సిన మునవర్, నాలుగో నెల నడుస్తున్నా రోజూ పొద్దున్నే అతని వెంట వెళ్తూనే ఉన్నాడు.

బందరులో నూరుల్లా షా అనే సూఫీ గురువు ఉండేవారు. ఎవరూ పనికి పిలవని మనుషుల్ని పనిలో కుదర్చడమే ఆయన శిష్యులకు పెట్టిన సాధన. చూపు లేనివాళ్ళు, మాట రానివాళ్ళు, బుద్ధి నెమ్మదైనవాళ్ళు ఆయన గుమ్మం తొక్కితే, ఒక్కొక్కరికి ఒక్కో శిష్యుణ్ణి తోడిచ్చి పంపేవారు. ఆ శిష్యుడు ముందు తాను పని నేర్చుకోవాలి. తర్వాత దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఆ మనిషికి నేర్పాలి. యజమాని అనుమానాలు తీర్చాలి. మనిషి కుదురుకున్నాక తప్పుకోవాలి. మిగతా శిష్యులకి దీనికంతా నలభై రోజులు పట్టేది, మహా అయితే రెండు నెలలు.

ఏసోబు ముప్పై దాటిన మనిషి. ఏ మాటైనా మూడుసార్లు చెబితేగానీ పట్టుబడదు. పట్టుబడిందా, ఇక వదలడు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన బట్టను బల్ల మీద పరచి, చెక్క అచ్చును నల్లరంగులో అద్ది, బట్ట మీద పెట్టి, దాని నెత్తిన గుప్పిటతో ఒక్కటి వేయాలి. ఒక పువ్వు పడుతుంది. దాని పక్కనే ఇంకోటి. నెల తిరక్కుండానే ఏసోబుకి అది వచ్చేసింది.

వచ్చిందని మునవర్‌కీ తెలుసు. అతని నమ్మకం లేనిది ఏసోబు మీద కాదు, షెడ్డు యజమాని వీరభద్రం మీద.

దానికో కారణం ఉంది. మునవర్ అక్క షమీమ్‌కి చెవులు వినపడవు. పదహారేళ్ళప్పుడు ఒక లేసుల కొట్లో పనికి కుదిరింది. యజమాని ఎంతో ప్రేమగా ఉండేవాడు. ఒకరోజు కొట్లో సరుకేదో పోయింది. అడిగినా జవాబు చెప్పలేని మనిషి మీదే నింద పడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన షమీమ్ మళ్ళీ ఏ కొట్టు గడపా ఎక్కలేదు. అప్పట్నుంచీ నవ్వుతూ మాట్లాడే యజమాని కనిపిస్తే మునవర్ ఒళ్ళు బిగుసుకుంటుంది.

వీరభద్రం నవ్వుతూనే మాట్లాడేవాడు. అందుకని మునవర్ ఏసోబు భుజానికి ఆనుకున్నట్టు నిలబడేవాడు. ఎవరు వస్తున్నారు, ఏం చూస్తున్నారు, ఏ బట్ట ఇచ్చారు, అన్నీ కనిపెట్టేవాడు. అచ్చు కాస్త పక్కకు జరిగితే గొంతు తగ్గించి, "చూసుకో, చూసుకో, వాళ్ళు చూస్తారు" అనేవాడు.

ఆ నాలుగో నెలలోనే ఒక సంగతి కంటబడింది. మిగతా పనివాళ్ళు అద్దిన బట్టలు రంగు నిలిచేలా ఉడకబెట్టడానికి వెళ్తున్నాయి. ఏసోబు అద్దినవాటిలో కొన్నిటిని మాత్రం వీరభద్రం తానే చుట్టి, వెనక గదిలో పెట్టి తలుపేస్తున్నాడు. ఎందుకని పక్క బల్ల మనిషిని అడిగితే, అయ్యగారినే అడగమని తల తిప్పుకున్నాడు. మునవర్ అడగలేదు. సాక్ష్యాలు పోగేస్తున్నాడని అర్థం చేసుకున్నాడు. ఒకరోజు అవన్నీ నలుగురిలో పరిచి, ఇదిగో మీవాడి పని అని ఏసోబుని బయటికి పంపుతాడు. అంతే అయి ఉంటుంది.

గురువుగారి దగ్గర ఇదంతా ఏకరువు పెట్టాడు. తను లేకపోతే ఏసోబుని ఏనాడో తరిమేసేవారని కూడా అన్నాడు. ఆయన చివరిదాకా విని, ఆ చుట్టల్లో ఒకటి అడిగి తెమ్మన్నారు.

"ఇవ్వడు, హజ్రత్."

"అడిగావా?"

మర్నాడు, గురువుగారు చూస్తారట అని అడిగాడు. వీరభద్రం మొహంలో నవ్వు పోయింది. కాసేపు తటపటాయించి, లోపలికెళ్ళి ఒక చుట్ట తెచ్చాడు. "ఏసోబుని మానిపించే ఉద్దేశం నాకు లేదండి" అన్నాడు. "మీతో ఎలా చెప్పాలో తెలియకే దాచాను. షా గారు చూస్తే మంచిదే."

తియ్యటి మాటలు మునవర్ చాలా విన్నాడు. చుట్టను చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

నూరుల్లా షా గారు వాకిట్లో చాప వేయించి, బట్ట ఒక కొన మునవర్ చేతికిచ్చారు. రెండో కొన తాను పట్టుకుని వెనక్కి నడుస్తూ విప్పుకుంటూ పోయారు. పది గజాల బట్ట. మొదటి నాలుగు గజాల్లో పువ్వులు దారం పట్టి నాటినట్టున్నాయి. అక్కణ్ణుంచి తడబడ్డాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి సగం మరోదాని మీదెక్కి.

"చూశారా హజ్రత్, ఇక్కణ్ణుంచి కావాలనే చిక్కటి రంగిచ్చారు. అచ్చు జారకేం చేస్తుంది?"

ఆయన వంగి బట్ట అంచు చూశారు. ఇది ఏ రోజు బట్టో గుర్తుందా అని అడిగారు. గుర్తుంది. సోమవారం. ఆ రోజు ఆయనే జ్వరంగా ఉన్న ఒక ముసలాయన్ని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళమంటే, మునవర్ షెడ్డుకి ఆలస్యంగా వెళ్ళాడు.

"నువ్వు వెళ్ళేసరికి ఏసోబు ఏ పువ్వు దగ్గరున్నాడు?"

అదెలా తెలుస్తుంది అనబోయాడు మునవర్. అప్పుడు కనబడింది. నాలుగో గజం అంచున, నల్లగా, ఒక బొటనవేలి ముద్ర. వెళ్తూనే బట్ట వంకరగా ఉందేమోనని తానే పట్టి లాగాడు. ఏసోబు బొటనవేలు అంత సన్నగా ఉండదు.

ముద్రకి ఇటు ఒక్క పువ్వూ తప్పలేదు. అటు ఒక్కటీ కుదరలేదు.

మునవర్ కొన వదలకుండానే బట్ట వెంట వంగి నడిచాడు. ఏడో గజంలో మళ్ళీ మూడు వరుసలు తిన్నగా పడ్డాయి. ఎందుకో అతనికి అర్థమైంది. అప్పుడు తను సాయంత్రపు అసర్ నమాజుకి వెళ్ళాడు. నాలుగో వరుస నుంచి మళ్ళీ వంకర.

 వీరభద్రం ఇన్నాళ్ళూ దాచింది ఎవరి తప్పో ఇప్పుడు తెలిసింది.

చేతిలోని కొన మడుస్తూ అడిగాడు. "రేపట్నుంచి వెళ్ళొద్దా, హజ్రత్?"

"వెళ్ళు. పిలిస్తే వినపడే దూరంలో కూర్చో" అన్నారాయన, బట్ట చుట్టుకుంటూ.

మర్నాడు మునవర్ ఏసోబుతో, తాను బయట అరుగు మీద ఉంటానని, కావలసి వస్తే పిలవమని చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఏసోబు తలూపి అచ్చు అందుకున్నాడు.

అరుగు మీద వీరభద్రం పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు మునవర్. ఆ చుట్టను తిరిగి ఇచ్చి, తాను పొరపాటు పడ్డానన్నాడు.  వీరభద్రం ఒక టీ గ్లాసు అతని వైపు జరిపాడు. తర్వాత తానూ మెల్లగా మనసు విప్పాడు. బుద్ధి నెమ్మదైన మనిషితో ఎలా మాట్లాడాలో, ఏమంటే నొచ్చుకుంటాడో తనకి తెలియదని, అందుకే నేరుగా పలకరించడానికి ఇన్నాళ్ళూ జంకానని చెప్పుకొచ్చాడు. మునవర్ తనకు తెలిసింది చెప్పాడు. తొందరపెట్టకండి, ఒకేసారి రెండు పనులు చెప్పకండి, అంతే అన్నాడు.

లోపల గుప్పిటి దెబ్బ ఒక్క తీరుగా పడుతోంది. మునవర్ మెడ రెండుమూడుసార్లు అటు తిరగబోయింది. తిరగనివ్వలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా చప్పుడు ఆగింది.  మునవర్ గ్లాసు కింద పెట్టి సగం లేచాడు.

"అయ్యగారూ" అన్నాడు ఏసోబు లోపల్నుంచి. "రంగైపోయింది."

వీరభద్రం ఒకసారి మునవర్ మొహంలోకి చూసి, పంచె సర్దుకుంటూ లేచాడు. "వస్తున్నా, ఏసోబూ."

మునవర్ మళ్ళీ కూర్చున్నాడు.