ఆటో ముందు నడిచిన చోడి

అనగా అనగా కొండ మీద ఒక ఊరు. దాని పేరు గుమ్మలవలస. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో తెల్లారేది గానీ ఏమీ కనపడేది కాదు. కొండ మీంచి మంచు దిగొచ్చి వీధుల్లో కూర్చునేది. మాట్లాడితే నోట్లోంచి పొగ. దండెం మీద మరిచిపోయిన బట్టలు తెల్లారేసరికి మళ్ళీ పిండుకోవాల్సిందే.

ఆ ఊళ్ళో నీలవేణి అని ఒక పిల్ల ఉండేది. ఆరో తరగతి చదివేది. వాళ్ళకో కుక్క ఉండేది. చోడిపిండి, అదే రాగిపిండి, రంగులో ఉంటుందని దానికి చోడి అని పేరు పెట్టారు. రోజూ పొద్దున్నే దాన్ని తాతయ్య తిప్పుకొచ్చేవాడు. ఆ యేడు చలికి తాతయ్య మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు ఆ పని నీలవేణికి వచ్చింది. ఆ పిల్ల సంబరం చూడాలి, కన్నా! తాతయ్య మఫ్లరు చెవుల మీదుగా చుట్టుకుని, తాడు పట్టుకుని, చోడి కంటే ముందే గేటు దగ్గర నిలబడేది.

చోడి రోజూ ఒకే దారిలో వెళ్ళేది, మూడు చోట్ల ఆగేది. మొదట నరసమ్మ టీ కొట్టు. అక్కడ పొయ్యి పక్కన వీపు కాచుకునేది. ఆ తర్వాత గెడ్డ, అదే వాగు, దాని మీది వంతెన. అక్కడ గోడంతా వాసన చూసేది. ఆ తర్వాత పిండిమర. గుమ్మం ముందు రాలిన పిండి నాకేసి, ఇంక చాలని ఇంటివైపు తిరిగిపోయేది.

నీలవేణి ఊరికే నడిచేదనుకున్నావా? సాలెగూళ్ళకి పట్టిన మంచు బొట్లు చూసేది. ఒంటికాలి మీద ముడుచుకున్న కోళ్ళని చూసేది. ఆవు ముక్కులోంచి వచ్చే ఆవిరికి చేతులు పెట్టుకునేది. ఇంటికొచ్చి అన్నీ తాతయ్యకి పూసగుచ్చినట్టు చెప్పేది.

ఒకరోజు మంచు మరీ దట్టంగా పడింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు. తాతయ్య ఇవాళ వద్దన్నాడు. చోడి వింటేనా, తలుపు గీకుతూ కూర్చుంది. చివరికి టీ కొట్టుదాకా వెళ్ళి వచ్చేయమని చెప్పి, తాతయ్య తనూ గేటుదాకా వచ్చాడు.

అప్పుడు మంచులోంచి ఆటో చప్పుడు వినపడింది. కాస్త కదలడం, ఆగడం, మళ్ళీ కాస్త కదలడం. దగ్గరికి వెళ్ళి చూస్తే సన్యాసిరావు. ఆ వీధి చివరింట్లోకి నెల కిందటే అద్దెకొచ్చాడు. వెనక సీట్లో అతని భార్య సుగుణ, రెండు చేతులా కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. పురిటి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంది తప్ప రోడ్డు కనపడటం లేదు. ఇప్పటికే ఒక చక్రం కాలవలోకి దిగబోయిందని చెప్పాడు.

నీలవేణి తాడు చేతికి మరో చుట్టు చుట్టుకుని అంది, "బాబాయ్, నేనూ చోడీ ముందు నడుస్తాం. మీరు మా వెనకే రండి."

తాతయ్య దగ్గరికొచ్చి ఆ పిల్ల మఫ్లరు బిగించి కట్టాడు. ఆ తర్వాత, "తాడు మాత్రం వదలకు తల్లీ" అన్నాడు.

సన్యాసిరావు తన ఫోన్ లైటు వెలిగించి నీలవేణికిచ్చాడు. ఆ పిల్ల దాన్ని వీపు వెనక పట్టుకుంది. ముందు చోడి, దాని వెనక నీలవేణి, ఆ వెలుగు చూసుకుంటూ ఆటో.

మొదట ఘుమఘుమా అల్లం వాసన వచ్చింది. టీ కొట్టు వచ్చేసిందన్నమాట. చోడి పొయ్యి దగ్గరికి లాగింది. నీలవేణి దాన్ని బతిమాలి కుడివైపు తిప్పింది. ఆటో కూడా తిరిగింది.

ఆ తర్వాత కింద నీళ్ళ చప్పుడు. వంతెన. దానికి ఒకవైపే గోడ ఉంది, రెండోవైపు ఎప్పుడో పడిపోయింది. చోడి గోడకి రాసుకుంటూ నడిచింది. సగం దాటాక ఠక్కున ఆగిపోయింది. మెడ మీద వెంట్రుకలు లేపి గుర్రుమంది. నీలవేణి ఆటోని ఆపమని చెప్పి, చెయ్యి చాపి రెండడుగులు వేసింది. చేతికి చల్లటి ఇనుము తగిలింది. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ! అప్పుడు గోడ లేని వైపు అడుగులో అడుగు వేస్తూ, ఆటోని దాని పక్కనుంచి తప్పించింది.

ఆ తర్వాత పిండిమర. చోడి గుమ్మం నాకింది, ఇంటివైపు తిరిగింది. నీలవేణి లాగితే కూలబడిపోయింది. అక్కణ్ణించి అది ఎన్నడూ ముందుకెళ్ళలేదు మరి. వెనక సుగుణ మూలుగు పెద్దదైంది.

నీలవేణికి ఏడుపొచ్చింది. ఏడుపు దిగమింగుకుని చెవుల మీది మఫ్లరు తీసేసింది. విన్నది. టప్, టప్, టప్. వానలా చినుకులు. వాన లేదు, మంచు ఆకుల మీంచి కారుతోంది. ఆ ఊళ్ళో అలా వరసగా చెట్లున్నది ఆసుపత్రి రోడ్డుకే. చోడిని అమాంతం చంకనెత్తుకుంది. చినుకులు నెత్తి మీద పడితే రోడ్డు అంచుకి వచ్చేసినట్టు, పడకపోతే మధ్యలో ఉన్నట్టు. అలా నడిచింది, నడిచింది, చేతులు పడిపోతున్నా నడిచింది. చివరికి ఆసుపత్రి మెట్టు కాలికి తగిలింది.

నర్సులు పరిగెత్తుకొచ్చి సుగుణని లోపలికి తీసుకుపోయారు. నీలవేణి, చోడి, సన్యాసిరావు వరండాలో నిలబడ్డారు. ముగ్గురి ముక్కుల్లోంచీ పొగలు. ఎంతకీ తలుపు తీయరు. అప్పుడు లోపల్నుంచి కేర్‌మని ఏడుపు వినపడింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బాగుంది. సన్యాసిరావు మెట్ల మీద కూలబడి మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. చోడి వెళ్ళి ఆ చేతులు నాకింది.

కాసేపటికి ఎండొచ్చింది. మంచు విడిపోయింది. తాతయ్య ఎదురుచూస్తుంటాడని సన్యాసిరావు నీలవేణిని ఆటో ఎక్కించాడు. వంతెన దగ్గరికి రాగానే గోడ లేని వైపు లోతు కనపడింది. అప్పుడు ఆ పిల్ల రెండు చేతులా కడ్డీ పట్టుకుంది.

చోడి మాత్రం ఎంత పిలిచినా ఆటో ఎక్కలేదు. రోడ్డు మధ్యలో, తోక నిటారుగా లేపి, ఆటో ముందు నడిచింది. అంత ఎండలో కూడా దారి చూపించింది. సన్యాసిరావు ఒక్కసారైనా హారన్ కొట్టలేదు. ఇంటిదాకా దాని వెనకే, మెల్లిగా, మెల్లిగా వచ్చాడు.

మంచు పోయె కొండకి,
కథ పోయె కంచికి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.