నెమరు వేయని మేక

కొండ కింది బీడులో మంద మేస్తోంది. అన్ని మేకల చూపూ మేత మీదే ఉంటే, చుక్కి చూపు మాత్రం అవతలి పొద మీద ఉంది. ఒక రెమ్మ తెంపేది, నమలకుండానే మింగేది, ఇంకో పొదకు ఉరికేది. కడుపు నిండినా దాని ఆత్రం తీరేది కాదు.

"కాస్త పడుకుని నెమరు వెయ్యవే," అంది నీడన కూర్చున్న ముసలి ఎద్దు. "ఏం తిన్నావో నీకైనా తెలియొద్దూ?"

"నువ్వు వేసుకో తాతా! ఈలోగా మంచి చిగుళ్ళన్నీ మిగతావాళ్ళు మేసేస్తారు."

ఈ మాట చాటున ఉన్న నక్క చెవిన పడింది. "చుక్కమ్మా, ఆ గట్టు మీది రేగు చిగుళ్ళు చూశావా? వాటి ముందు ఇదీ ఒక మేతేనా!"

చుక్కి అటు పరిగెత్తింది. అక్కడ రెండు రెమ్మలు మింగిందో లేదో, "పైపొద ఇంకా బాగుంటుంది," అంది నక్క. అలా పొద వెంట పొద పట్టుకుని పోతుంటే మంద కనుమరుగైంది. కాపలా కుక్క అరుపు కూడా సన్నబడింది. అదేదీ చుక్కికి పట్టలేదు.

ఆ తొందరలో రేగుముల్లు నాలుకలో దిగింది. "అమ్మో!" ఇక మేయడానికి లేదు. కాళ్ళు ఆగనంటున్నా, చేసేది లేక చతికిలబడి నెమరు మొదలుపెట్టింది.

"లే చుక్కమ్మా, ఇంకొక్క పొదే!"

చుక్కి నములుతోంది. నోట్లో ఏముందో దానికి మొదటిసారి తెలిసింది. చిగురు వగరుగా ఉంది. ఆ వగరులో నక్క కంపు. పళ్ళకు ఏదో చుట్టుకుంది, ఎర్రటి మేక వెంట్రుక! మొన్న మందలోంచి తప్పిపోయిన ఎర్రపిల్లను ఈ నక్కే ఈ పొదల్లోంచి ఈడ్చుకెళ్ళి ఉంటుంది.

భయం పైకి కనిపిస్తే ప్రాణం పోయినట్టే.

"ఎంత రుచి మామా!" అంది. "ఒక్కదాన్నే తింటే మనసొప్పడం లేదు. నాకంటే రెండింతలు బలిసిన అక్కలిద్దరున్నారు. పిలుచుకు రానా?"

ఎదుట ఉన్న మేకను నక్క మరిచేపోయింది. "ఇంకా అడుగుతావేం? త్వరగా రా!"

నక్క లొట్టలేస్తూ కూర్చుంది. గట్టెక్కి వచ్చింది మాత్రం కాపలా కుక్క. నక్క ప్రాణాలతో పారిపోయింది గానీ, తోకలో సగం కుక్క నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం చుక్కి ఎద్దు పక్కన పడుకుని నెమరు వేసింది. కాళ్ళు ఇంకా ఊరుకోవడం లేదు.

"ఏం తిన్నావే?"

"ఎండుగడ్డి తాతా. ఇంత తియ్యగా ఉంటుందని తెలియనే లేదు."

నోట్లో ముద్ద ఉండగా పక్క విస్తరి మీద కన్నేసిన వాడికి రెండూ దక్కవు.