తవిటయ్య కాల్చేసిన పలకలు

భావనపాడు రేవులో పడవలు కట్టే తవిటయ్య పనిలో దిట్టే కానీ, ఓడిపోయిన వస్తువును కళ్లెదుట ఉండనిచ్చేవాడు కాదు.

సముద్రపు పురుగు పడవ చెక్కను లోపల్లోపలే తొలిచేస్తుంది. పైకి మాత్రం చెక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. కొందరు మనుషులూ అంతే, ఆ సంగతి ఇప్పుడెందుకు. ఆ పురుగు పట్టకుండా అక్కడివాళ్లు జీడిపిక్కల తొక్కు నూనె పూసేవారు, కొందరు సున్నం పూసేవారు. ఏది పూసినా రెండేళ్లే. తవిటయ్య రెంటినీ కలిపి ఉడికించాడు. ఆ పూత వేసిన పలక ఆరేళ్లు ఉప్పునీళ్లలో ఉన్నా పురుగు ముట్టలేదు. దాని పక్కనే నూనె ఒక్కటే పూసి కట్టిన పలక, సున్నం ఒక్కటే పూసిన పలక రెండేళ్లకే జల్లెడలయ్యాయి. వాటిని తారు కాచే పొయ్యిలో పెట్టేశాడు.

"ఉండనీ మావా, ఎందుకైనా పనికొస్తాయి," అంది భార్య పోలమ్మ.

"ఏటి, పుచ్చిన చెక్కలకి పూజ చేస్తావా?" అన్నాడు.

ఆ పూత తన పేరున నిలవాలని తవిటయ్య పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. కొన్నాళ్లకు పేటెంటు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నూనె తెలిసిందే, సున్నం తెలిసిందే, రెండూ కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే అని.

"ఎవరూ ఊహించని ఫలితం వచ్చిందని రుజువు చేస్తే ఒప్పుకుంటారు," అంది వకీలు విజయగౌరి.

తవిటయ్య తన పలకనూ, ఏ పూతా లేని ఒక పాత పడవ చెక్కనూ బల్ల మీద పెట్టాడు. "తేడా గుడ్డివాడికైనా తెలుస్తుంది కదమ్మా."

"ఏమీ పూయని చెక్క పుచ్చుతుందని వాళ్లకూ తెలుసు. నూనె పూసిందేది? సున్నం పూసిందేది? మీ పూత గెలవాల్సింది వాటి మీద."

"పొయ్యిలో పెట్టేశాను."

"పోనీ, ఫొటోలు? తేదీలు రాసుకున్న కాగితం?"

"ఓడిపోయినదానికి ఫొటో ఎవరు తీస్తారమ్మా?"

ఆమె ఆఫీసు కాగితం తీసి గడువు తేదీ చూసింది. మళ్లీ పలకలు కట్టి చూడాలంటే రెండేళ్లు కావాలి. జవాబుకు ఇచ్చిన గడువు ఆరు నెలలే.

దరఖాస్తు కొట్టేశారు. తవిటయ్య మళ్లీ కట్టిన కొత్త పలకలు పుచ్చేనాటికి, ఆఫీసువాళ్లు అందరూ చదివేలా అచ్చువేసిన ఆ దరఖాస్తు వల్లే పూత సంగతి అందరికీ తెలిసిపోయింది. ఇక దాన్ని కొత్తదని మళ్లీ అడిగే వీల్లేదు. కళింగపట్నంలో ఒక వడ్రంగి ఆ పూత ఎలా కలపాలో తవిటయ్యకే నేర్పాడు. తవిటయ్య తలూపుతూ చివరిదాకా విన్నాడు.

మన గెలుపును లోకం నమ్మాలంటే, దాని ముందు ఓడిపోయినవాటిని కూడా భద్రంగా దాచుకోవాలి.