వరి ఈనని రాజ్యం

పూర్వం శాలికేతనమనే రాజ్యాన్ని మేఘవాహనుడనే రాజు పాలించేవాడు. ఆయనకు ముగ్గురు కుమారులు.

"మొక్క ఆహారం వండుకునేది పగలే గదా! రాత్రి లేకుంటే పంట రెట్టింపవుతుంది" అని తలచి, రాజు జ్వాలాక్షుడనే మాంత్రికుణ్ణి ఆశ్రయించాడు. మాంత్రికుడు సప్తసముద్రాల ఆవల తన దీవిలో ఒక మణిని వెలిగించాడు. ఇక ఆ దీవిలోనూ, ఈ రాజ్యంలోనూ చీకటి పడలేదు. వరి ఏపుగా పెరిగింది, నిలువెత్తు పెరిగింది, ఒక్క వెన్ను కూడా వేయలేదు. గాదెలు ఖాళీ అయ్యాయి.

"మణిని ఆర్పాలంటే రాజ్యమిచ్చెయ్" అన్నాడు మాంత్రికుడు.

పెద్ద కుమారుడు కత్తితో వెళ్ళి మణి వేడికి మీసాలు కాల్చుకొని వచ్చాడు. రెండవవాడు విల్లుతో వెళ్ళి కనుబొమలు కాల్చుకొని వచ్చాడు. మూడవవాడైన శశాంకుడు మాత్రం ముందుగా పొలానికి వెళ్ళాడు.

రైతుబిడ్డ సస్యవల్లి ఫక్కున నవ్వింది. "మీసాలు జాగ్రత్త, రాజకుమారా!"

"అది సరే, వరి ఎందుకు ఈనలేదో చెప్పు."

"రాత్రి పొడవును కొలిచి వరి తన వేళ తెలుసుకుంటుంది. రాత్రే లేకుంటే ఏం కొలుస్తుంది పాపం!" అంటూ ఆమె కుండీలోని చింతమొక్కను అతనికిచ్చింది. "దీని లోపలా కాలం నడుస్తూనే ఉంటుంది. వెలుగున్నా సందెవేళకు ఆకులు ముడుస్తుంది. దారి పొడవునా పగలు ఎండ చూపించండి, చీకటి పడని దీవిలోనూ సందె ఎప్పుడో ఇదే చెబుతుంది."

శశాంకుడు ఏడు సముద్రాలూ దాటాడు. దీవిలో మాంత్రికుడి మందిరం ముంగిట ఒక పంజరం, అందులో కళ్ళెర్రబడిన చిలుక కనిపించాయి.

"పొద్దు వాలితే పడుకుందామంటే వాలదే!" అని చిలుక విసుక్కుంది. "మా స్వామి ప్రాణం నాలో ఉంది. నేను మేలుకుంటేనే ఆయన మేలుకుంటాడు, ఆయన మేలుకుంటేనే మణి వెలుగుతుంది. నా గోడు ఎవరికి పట్టింది?"

శశాంకుడు మొక్కను పక్కన పెట్టి ఓపికగా కూర్చున్నాడు. కొంతసేపటికి చింతాకులు జతజతగా ముడుచుకున్నాయి.

"చిలకమ్మా, సందె అయింది. చూడు!"

"అయ్యో, ఈ చింతమ్మ హాయిగా పడుకుంది! నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని."

అతడు పంజరంపై ఉత్తరీయం కప్పాడు. చిలుక రెక్కలో ముక్కు దూర్చింది. లోపలి మందిరంలో మంత్రం సగంలో ఉండగానే మాంత్రికుడు గుర్రు పెట్టాడు. మణి ఆరిపోయింది.

శశాంకుడు పంజరంతో ఇల్లు చేరి, ప్రతి సందెకూ దానిపై వస్త్రం కప్పించాడు. ప్రాణం పరుల చేతిలో ఉన్న మాంత్రికుడు పగలంతా దీవిలో కేకలు వేసేవాడు, పొద్దు వాలగానే గురక పెట్టేవాడు.

"శశాంకుడికీ సస్యవల్లికీ వెంటనే పెళ్ళి జరిపిద్దాం!" అన్నాడు రాజు.

"తలంబ్రాలకు బియ్యమేవి, మహారాజా?" అని సస్యవల్లి వినయంగా అడిగింది.

"అయితే కోతల దాకా ఆగుదాం" అన్నాడు రాజు. రాత్రులు పొడవయ్యాయి. ఒక ఉదయాన పొలమంతా వెన్నులు తొంగిచూశాయి. కోతలయ్యాక, కొత్త బియ్యం దోసిళ్ళతో పెళ్ళి జరిగింది. శశాంకుడూ సస్యవల్లీ చిరకాలం రాజ్యమేలారు. వారి ఏలుబడిలో పగలు పగలుగా, రాత్రి రాత్రిగా గడిచాయి.