దాలినాయుడి జీపుకు దసరా రంగు

అనగనగా అనగానే మీరు రాజుగారనుకుంటారు. కాదు. అనగనగా ఒక జీపు. అది మాట్లాడుతుంది. మధ్యలో నవ్వారంటే కథ ఆపేస్తాను.

కొండమీది ఊళ్లో ఉండే దాలినాయుడికి ఆ ముసలి జీపంటే ప్రాణం. ఏటా దసరాకి ఒళ్లంతా నీలం రంగు వేసి, పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసేవాడు. ఈసారి మరీ ముచ్చటపడి, బోల్టులు విప్పి వాటి కింద కూడా రంగు పూశాడు.

పండగ వెళ్లిందో లేదో, తాళం తిప్పితే చాలు, జీపు గుర్ర్... గుర్ర్... మని మూలగడం మొదలెట్టింది; ఇంజను మాత్రం అందుకోదు.

దాలినాయుడి గుండె జారిపోయింది. కూతురు కోటమ్మకు నెలలు నిండాయి. కొండ దిగి ఆసుపత్రికి చేరాలంటే ఊరందరికీ ఆ బండి ఒక్కటే దిక్కు.

"ఈ బ్యాటరీ పని అయిపోయింది" అని విసుక్కుని, కొండ కింది ఊళ్లో ఉండే బావమరిది బండిలోని బ్యాటరీ తెచ్చి పెట్టాడు. మూలుగు పోలేదు. పాపం, అరుగు మీదున్న పాత బ్యాటరీ "నాలో ఇంకా బలం ఉంది నాయనా" అంది. ఎవరు వింటారు?

తర్వాత, బ్యాటరీ నుంచి, ఇంజనును తిప్పి లేపే స్టార్టరు మోటారుకు వెళ్లే తీగ తీసేసి లావుపాటిది వేశాడు. కాస్త నయమనిపించింది గానీ మూలుగు మానలేదు.

ఇక ఏం చెయ్యాలో తోచక, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. కోటమ్మ నడుం పట్టుకుని మెల్లగా వచ్చింది. జీపును నిమురుతూ, "ఎక్కడమ్మా నీకు నొప్పి?" అని అడిగింది.

అన్నాళ్లూ దాన్ని ఆ మాట ఎవరూ అడగలేదు మరి.

"బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు నా ఇనప ఒంటిమీదుగానే తిరిగి బ్యాటరీకి చేరాలి తల్లీ" అంది జీపు. "బ్యాటరీని నా ఒంటికి కలిపే ఎర్తు తీగ నన్ను తాకే చోట మీ నాన్న రంగు పూసి, దానిమీదే బోల్టు బిగించాడు. రంగులోంచి కరెంటు పోదు, ఇంక దారెక్కడిది?"

"అప్పుడే చెప్పలేదేం?" అంది కోటమ్మ.

"అంత మురిపెంగా పూస్తుంటే వద్దని ఎలా అంటాను?"

దాలినాయుడు కళ్లు తుడుచుకుని దిగాడు. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. ఎర్తుకూ లావుపాటి తీగ వేసి గట్టిగా బిగించాడు. పాత బ్యాటరీని ఎత్తి, "నిన్ను ఊరికే అన్నాను, ఏమనుకోకు" అంటూ మళ్లీ దాని చోట్లోనే పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"ఆపకు నాన్నా, నొప్పులొస్తున్నాయి" అంది కోటమ్మ.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆసుపత్రిలో మనవరాలు కేరుమంది.

మరుసటి దసరాకి దాలినాయుడు మళ్లీ జీపంతా రంగు వేశాడు. ఆ బోల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆపి, "ఇక్కడ వద్దు కదమ్మా?" అని అడిగాడు.

కనుక పిల్లలూ, మనకు ఇష్టమైనవాళ్లకు ఏం చెయ్యబోయినా, వాళ్లకేం కావాలో ముందు ఒక్క మాట అడగాలి.